సినిమాలు చూస్తూ మీడియా సిద్ధాంతాలు నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎమ్మే మాస్ కమ్యూనికేషన్ మొదటి సంవత్సరంలో ఉన్నారు. సిలబస్‌లో అడోర్నో, గ్రాంషీ, అల్తుసర్, స్టువర్ట్ హాల్, లారా మల్వీ వరసగా ఉన్నారు. నోట్సు బట్టీపడితే పరీక్ష దాకా గుర్తుంటోంది, తర్వాత పోతోంది. సినిమాలు చూస్తూ వీళ్లను అర్థం చేసుకోవచ్చా, ఏ సిద్ధాంతానికి ఏ సినిమా చూడాలో లిస్టు ఇవ్వమన్నారు.

తప్పకుండా నేర్చుకోవచ్చు. నా దృష్టిలో అదే మంచి దారి. కానీ సిద్ధాంతానికో సినిమా చొప్పున లిస్టు ఇస్తే మీకు మేలు జరగదు. చాలాకాలంగా ఈ పేపర్ చెబుతున్నాను. లిస్టుతో మొదలుపెట్టినవాళ్లు సినిమా మీద ఒక పేరు అతికించి అక్కడే ఆగిపోతారు. 'ఈ సినిమాలో హెజిమొనీ ఉంది' అని రాస్తారు. హెజిమొనీ అంటే జనాన్ని ఒప్పించి నిలబెట్టుకునే పెత్తనం. ఎవరు ఎవరిని దేనికి ఒప్పించారు, ఎలా ఒప్పించారు, ఒప్పుకోనివాళ్లు ఏమయ్యారు అన్నది చెప్పకపోతే ఆ వాక్యం రాసినా రాయకపోయినా ఒకటే.

కాబట్టి పేర్లు కాసేపు పక్కనపెట్టి ఒక ప్రశ్నను పట్టుకోండి. తమకు నష్టం చేసే ఏర్పాటును జనం ఎందుకు ఒప్పుకుంటారు? ఎప్పుడు ఒప్పుకోరు? మీ సిలబస్‌లో ఉన్నవాళ్లంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవాళ్లే. అదీ దెబ్బ తిని అడిగారు. గ్రాంషీ ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం అరెస్టు చేసింది. జైల్లో ముప్పైకి పైగా నోటుబుక్కులు నింపి, ఆరోగ్యం పూర్తిగా చెడి 1937లో చనిపోయారు. విప్లవం వస్తుందనుకున్న దేశంలో ఫాసిజం ఎలా నిలబడిందన్నది ఆయన్ను వదలని ప్రశ్న. అడోర్నో, హోర్క్‌హైమర్ ఇద్దరూ తత్వవేత్తలు, హిట్లర్ జర్మనీ నుంచి బయటపడి అమెరికా చేరినవాళ్లు. హాలీవుడ్ పక్కనే, లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ 1940లలో 'సంస్కృతి పరిశ్రమ' అధ్యాయం రాశారు. స్టువర్ట్ హాల్ జమైకాలో పుట్టి 1951లో ఆక్స్‌ఫర్డ్‌కు చదువుకోవడానికి వచ్చి, తన దేశాన్ని ఏలిన దేశంలోనే స్థిరపడిన నల్లజాతి మేధావి. వీళ్ల వాక్యాలు కఠినంగా ఉంటాయి, నిజమే. ఆ వాక్యాల వెనక ఉన్న బాధ తెలిస్తే మాత్రం అవి గుర్తుంటాయి.

ఈ ప్రశ్నకు సినిమా బాగా పనికొస్తుంది. అక్కడ మన ఒప్పుకోలు పైకి కనబడుతుంది. సొంత డబ్బు పెట్టి టికెట్ కొంటాం, ఈల వేస్తాం, కళ్లు తుడుచుకుంటాం. మనల్ని ఎవరూ బలవంతం చెయ్యరు. అధికారం లాఠీతో కాకుండా ఇష్టంతో ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు.

తెలుగు సినిమాతోనే మొదలుపెడదాం. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, నాయిక కాంచనమాల. దళితులను గుడిలోకి రానివ్వని ఊరు. అక్కడి పూజారి సుందరరామశాస్త్రి కొడుకు దళిత అమ్మాయిని ప్రేమిస్తాడు. శాస్త్రి ససేమిరా అంటాడు. చివరికి ఆయన భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక దళితుడు కాపాడతాడు. దాంతో శాస్త్రి మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి.

ముందు ఆ సినిమాకు దక్కాల్సిన గౌరవం ఇవ్వాలి. ట్రావన్‌కోర్ ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది 1936లో. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1939లో. ఆ రెండింటి మధ్య, విషయం ఇంకా రగులుతున్నప్పుడు, ఆ పేరుతోనే సినిమా తీసి థియేటర్లలో ఆడించారు. అది చిన్న ధైర్యం కాదు. విమర్శనాత్మకంగా చూడటమంటే పాత సినిమాను ఈనాటి కొలతలతో కొట్టిపారెయ్యడం అనుకునే విద్యార్థులు చాలామంది ఉన్నారు. మీరు ఆ పని చెయ్యకండి.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. ఆ గుడి తలుపు ఎందుకు తెరుచుకుంది? లోపలికి వెళ్లడం దళితుల హక్కు అని ఊరు ఒప్పుకున్నందుకు కాదు. ఒక దళితుడు ప్రాణానికి తెగించి పూజారి ఇంటి మనిషిని కాపాడినందుకు. అంటే లోపలికి రావాలంటే ముందు మంచివాడినని రుజువు చేసుకోవాలి, అదీ పైవాళ్లకు ఉపయోగపడి రుజువు చేసుకోవాలి. ఆ అర్హత ఉందో లేదో తేల్చేది మళ్లీ శాస్త్రే. సినిమా మొదట్లో తలుపు మీద ఎవరి పెత్తనం ఉందో చివర్లోనూ వాళ్లదే ఉంది. మారింది ఆయన మనసు. సరిగ్గా రెండేళ్ల ముందు, 1936లో, అంబేద్కర్ 'కులనిర్మూలన' అచ్చువేశారు. కులానికి దన్నుగా ఉన్న శాస్త్రాల పవిత్రతనే కూలగొట్టాలని అందులో వాదించారు. ఒకే కాలంలో ఒకే సమస్యకు రెండు సమాధానాలు ఉన్నాయి. వాటిలో ప్రేక్షకుడిని ఏడిపించి, ఊరడించి ఇంటికి పంపగలిగిన సమాధానాన్ని సినిమా ఎంచుకుంది.

గ్రాంషీ చెప్పిన హెజిమొనీ ఇదే. చాలా నోట్సుల్లో హెజిమొనీ అంటే 'పాలకవర్గ భావాలను జనం మీద రుద్దడం' అని ఉంటుంది. అది సగం కూడా కాదు. రుద్దితే ఎదురుతిరుగుతారు. కింద నుంచి ఒత్తిడి పెరిగినప్పుడు పైవర్గం కొంత వదులుకుంటుంది, ఆ రాయితీలు కూడా నిజమైనవే. తన స్థానానికి ఆధారమైన దాన్ని మాత్రం వదులుకోదు. ఇచ్చిపుచ్చుకోవడం అందులో భాగం, అందుకే అది నిలబడుతుంది. దళితుడు గుడిలోకి రావడం నిజమైన గెలుపే. ఆ గెలుపు కథలో ఏ రూపంలో వచ్చిందో చూడటం మన పని. ఈ రెండు మాటలూ ఒకేసారి పట్టుకోగలిగితే గ్రాంషీ మీకు అర్థమైనట్టే.

ఇంకొంచెం లోతుకు వెళ్లండి. దళిత అమ్మాయి పాత్రలో ఎవరున్నారు? అప్పటి పెద్ద అందాల తార. కింది కులం పాత్ర వేసినందుకు ఆమె పేరు పెరిగింది. దీని పక్కన మలయాళంలో జరిగింది పెట్టి చూడండి. తొలి మలయాళ సినిమా 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీగా నటించింది. సినిమా తిరువనంతపురంలో ఆడినప్పుడు పైకులాల ప్రేక్షకులు దాడికి దిగారు. ఆమె ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చింది, మళ్లీ నటించలేదు. దాదాపు అదే కాలం, పక్క ప్రాంతం. పైనుంచి కిందికి వేషం కట్టడం నటన అయింది, కింద నుంచి పైకి కట్టడం నేరమైంది. తెర మీద ఎవరు ఎవరిగా కనిపించవచ్చన్న నియమం ఎక్కడా రాసి ఉండదు. దాన్ని దాటిన రోజే అది బయటపడుతుంది.

ఇక డబ్బు. 'మాలపిల్ల' తీసిన సారథి ఫిలిమ్స్‌కు వెన్నుదన్ను చల్లపల్లి జమీందారు. అదే సంస్థ, అదే దర్శకుడు మరుసటి ఏడాది 'రైతుబిడ్డ' తీశారు. బళ్లారి రాఘవ రైతుగా నటించారు. సినిమా నేరుగా జమీందారీ పెత్తనం మీద. ఆగ్రహించిన జమీందార్లు అడ్డుపడ్డారు, నిషేధం కూడా పడింది. ఇక్కడ మీరు తికమకపడాలి. జమీందారు డబ్బుతో జమీందారీ వ్యతిరేక సినిమా ఎలా వచ్చింది? డబ్బు ఎవరిదో తెలిస్తే సినిమా ఏం చెబుతుందో తెలిసిపోతుందన్న లెక్క ఇక్కడ పనిచెయ్యదు. జమీందార్లంతా ఒకే మనిషిలా ఆలోచించలేదు, వాళ్లలో వాళ్లకు పోటీలున్నాయి. 1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ కమిటీ కూర్చుంది. గాలి ఎటు వీస్తోందో అందరికీ తెలుసు. పైవర్గం లోపలే చీలికలు వచ్చినప్పుడు ఆ సందుల్లోంచి ఇలాంటి సినిమాలు పుడతాయి. మంచి విమర్శకుడు ఆ సందు ఎక్కడుందో వెతుకుతాడు.

అడోర్నో, హోర్క్‌హైమర్ల 'సంస్కృతి పరిశ్రమ'ను కూడా డబ్బు దగ్గరే అర్థం చేసుకోండి. వాళ్లు 'పరిశ్రమ' అనడానికి కారణం ఉంది. 'జన సంస్కృతి' అంటే జనంలోంచి పుట్టిందనే అర్థం వస్తుంది. వాళ్లు మాట్లాడుతున్నది పైనుంచి తయారై జనానికి అమ్ముడయ్యే సరుకు గురించి. మన దగ్గర ఇది పనిచేసే తీరు చూడండి. సినిమా హక్కులు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా, తరచూ సినిమా పూర్తికాకముందే అమ్ముడవుతాయి. బయ్యర్ ముందే డబ్బు కడతాడు. కథ ఎలా వచ్చిందో అతనికి తెలియదు. తెలిసింది హీరో పేరు, కాంబినేషన్, పాటలు. ఆ డబ్బు మొదటి మూడు రోజుల్లోనే రాబట్టుకోవాలి. అందుకని ఇంట్రో సాంగ్, ఇంటర్వెల్ బ్యాంగ్, ప్రీక్లైమాక్స్ ఫైట్ ఉండాల్సిందే. దీన్ని దర్శకుడి అభిరుచి అనుకుంటే పొరపాటు. అప్పు తీర్చే షెడ్యూలే కథకు రూపం ఇస్తోంది. కొంచెం తేడాగా తీస్తే దానికి 'కొత్తగా ఉంది' అనే లేబుల్ తగిలించి అదే దారిలో అమ్ముతారు. ప్రతిదీ కొత్తదిలా కనబడుతూ లోపల ఒకటే ఉండటాన్ని అడోర్నో చాలా తీవ్రంగా తిట్టారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరలకు పరిమితి పెట్టినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుచేసుకోండి. టికెట్ రేటు కూడా సాంస్కృతిక విషయమే. నేల టికెట్ ప్రేక్షకుడు హాల్లో ఉంటాడా లేదా అన్నది అక్కడే తేలుతుంది. అతను లేకపోతే అతని కోసం సినిమా తియ్యడమూ ఆగిపోతుంది.

అయితే అడోర్నో దగ్గర ఆగిపోకండి. ప్రేక్షకుడు చేసే పని ఆయన లెక్కలో చాలా తక్కువ. దానికి జవాబు స్టువర్ట్ హాల్ దగ్గర దొరుకుతుంది. మధ్యలో భాష సంగతి ఉంది. మనకు చాలా దగ్గరి విషయం, దీని మీద కాస్త నిలబడాలి.

తెలుగు సినిమా మద్రాసులో పెరిగింది. పెట్టుబడిలో పెద్ద వాటా కోస్తా డెల్టా వ్యవసాయ మిగులు నుంచి వచ్చింది. రచయితలు, నటులు ఎక్కువమంది అటువాళ్లే. ఆ జిల్లాల చదువుకున్నవాళ్ల భాష తెర మీద 'మామూలు తెలుగు' అయింది. మిగిలినవి యాసలయ్యాయి. హీరో మామూలు తెలుగు మాట్లాడతాడు. తెలంగాణ మాట రౌడీకి, కమెడియన్‌కు, అవినీతి నాయకుడికి పెట్టారు. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు వేసిన నాయకుడి పాత్ర తెలంగాణ మాటతోనే జనానికి గుర్తుండిపోయింది. ఆయన కృష్ణా జిల్లావారు. గొప్ప నటుడు, తప్పు ఆయనది కాదు. అన్ని పాత్రల్లోనూ ఆ పాత్రకే ఆ మాట ఎందుకు పెట్టాలనిపించింది, హాల్లో ఎవరికీ వింతగా ఎందుకు అనిపించలేదు అన్నది మన ప్రశ్న. వింతగా అనిపించకపోవడమే అధికారం పనిచేస్తోందనడానికి గుర్తు. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియెర్ బోర్డ్యూ దీన్నే పట్టుకున్నారు. కొందరి భాష, కొందరి అభిరుచి పుట్టుకతోనే గొప్పవి అన్నట్టు చలామణి అవుతాయి. మిగిలినవాళ్లు తమ మాటకు తామే సిగ్గుపడటం మొదలుపెడతారు. ఊరి నుంచి వచ్చిన పిల్లలు క్లాసులో నోరు విప్పడానికి టెన్షన్ పడటం నేను చూస్తూనే ఉంటాను. ఆ టెన్షన్‌కు సినిమాకూ సంబంధం ఉంది.

ఇందులో మినహాయింపులూ చూడాలి. 1980లో 'మాభూమి' వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. తెలంగాణ సాయుధ పోరాటం కథ. 'బండెనక బండి కట్టి' పాట గద్దర్ గొంతులో అక్కడినుంచే ఊరూరా వెళ్లింది. 1992లో 'మొండిమొగుడు పెంకిపెళ్లాం'లో విజయశాంతి తెలంగాణ మాట్లాడే నాయిక. ఉద్యమకాలంలో సినిమా భాష మీద కోపం బహిరంగ రాజకీయ డిమాండ్‌లో భాగమైంది. రాష్ట్రం వచ్చాక 2017లో 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి భానుమతి తన మాటతోనే నాయిక అయింది, పెద్ద హిట్టు. 2023లో 'బలగం' చావు ఇంటిని, పదకొండో రోజు తంతును, పిట్ట ముట్టని పిండాన్ని కథ చేసింది. ముగింపులో బుడగజంగం కళాకారులు పాడతారు. ఊళ్లలో తెర కట్టి అందరూ కలిసి చూశారు. ఆ అనుమతి లేని ప్రదర్శనల మీద నిర్మాణ సంస్థ వైపు నుంచి అభ్యంతరమూ వచ్చింది. ఇక్కడ గ్రాంషీ, అడోర్నో ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. ఒక ప్రాంతం పోరాడి తెర మీద తన మాటకు గౌరవం తెచ్చుకుంది. ఆ మాటకు మార్కెట్ ఉందని తెలిసిన వెంటనే పరిశ్రమ దాన్ని సరుకు చేసింది. ఊరు మళ్లీ దాన్ని తన సామూహిక వ్యవహారంగా మార్చుకుంది, హక్కుల చట్టం అడ్డొచ్చింది. గెలుపా ఓటమా అని ఒక్క మాటలో తేల్చవద్దు. రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటల సంగతి ఇంకా ఎక్కడుందో మీరే చూడండి. సీమ మాట వినబడితే కత్తి కనబడుతుందని ప్రేక్షకుడు ఇప్పటికీ ఎదురుచూస్తున్నాడు.

ఇప్పుడు సినిమా హాలు దగ్గరికి వద్దాం. శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివత్తంబి 1981లో తమిళ సినిమా మీద రాస్తూ ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. తమిళులంతా ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలు. అక్కడ సీటు పుట్టుకను బట్టి రాదు, కొనగలిగే శక్తిని బట్టి వస్తుంది. మన నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ కూడా అంతే. అందులోనూ హెచ్చుతగ్గులున్నాయి. అయినా గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషి డబ్బిచ్చి అదే కప్పు కింద కూర్చుని ఈల వెయ్యగలిగాడు. సినిమా ప్రేక్షకులు రాజకీయ సమూహంగా మారడానికి పునాది అక్కడ పడింది.

ఎన్టీఆర్ సంగతి ఇక్కడికి వస్తుంది. 1982 మార్చి 29న పార్టీ పెట్టారు, 1983 జనవరికి ముఖ్యమంత్రి. 'కృష్ణుడి వేషం చూసి జనం దేవుడనుకుని ఓటేశారు' అని ఇప్పటికీ అంటారు. ఈ మాటలో ఓటర్ల మీద చిన్నచూపు ఉంది, నాకు ఇది నచ్చదు. వాస్తవం కూడా అలా లేదు. పార్టీకి ముందు ఏళ్లలో, పార్టీ పెట్టిన ఏడాదిలో ఆయన పెద్ద హిట్లు చూడండి. 'అడవి రాముడు' 1977, 'వేటగాడు' 1979, 'సర్దార్ పాపారాయుడు' 1980, 'కొండవీటి సింహం' 1981, 'బొబ్బిలి పులి' 1982. అడవి దొంగల మీద, దేశద్రోహుల మీద, చేతగాని చట్టం మీద తిరగబడే మనిషి. 'బొబ్బిలి పులి'లో సైన్యంలో మేజర్, చివరికి కోర్టు బోనులో నిలబడి వ్యవస్థనే నిలదీస్తాడు. ప్రేక్షకులు ఆ ఏళ్లలో చూసింది ప్రభుత్వం చెయ్యలేని పని చేసే నాయకుడిని. తెలుగు సినిమా మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన ఈ అభిమానం, రాజకీయం లంకెను చాలా లోతుగా చూపిస్తుంది. తప్పక చదవండి.

ఫ్రెంచ్ తత్వవేత్త అల్తుసర్ చెప్పిన 'పిలుపు' ఇక్కడ వాడండి. 1970 నాటి వ్యాసంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ అందరికీ తెలిసిందే. వీధిలో పోలీసు 'ఏయ్, నిన్నే' అంటాడు, మనిషి వెనక్కి తిరుగుతాడు. తిరిగిన ఆ క్షణంలో ఆ పిలుపు తనకే అని ఒప్పుకున్నాడు. భావజాలం మనల్ని అలా పిలిచి ఒక స్థానంలో నిలబెడుతుందని ఆయన వాదన. ఎన్టీఆర్ చైతన్యరథం మీద నుంచి 'తెలుగింటి ఆడపడుచులు' అని పిలిచారు. అంతకుముందు ఆ స్త్రీలు ఓటరు లిస్టులో పేర్లు. ఆ పిలుపుతో ఒక కుటుంబంలో ఆడపిల్లలయ్యారు, ఆయన అన్న అయ్యారు. 'తెలుగు జాతి ఆత్మగౌరవం' అన్న మాటతో ఢిల్లీకి ఎదురు నిలబడ్డ ఒక జాతి తయారైంది.

అల్తుసర్ కథ ఇక్కడితో ముగిస్తారు, పిలుపు అంటే లొంగిపోవడమే అన్నట్టు. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. ఆడపడుచు అని పిలిపించుకున్నవాళ్లకు అన్న మీద హక్కు కూడా వస్తుంది. ఎన్టీఆర్ ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబర్ నుంచి అమలు, దేశమంతటికీ అలాంటి సవరణ రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పిలిచినవాడిని పిలిపించుకున్నవాళ్లు కట్టడి చెయ్యగలరు. జనం ఊరికే వెంటబడరనడానికి ఇంకో సాక్ష్యం 2009. చిరంజీవి అభిమాన సంఘాల బలం అంతా ఇంతా కాదు. అయినా ప్రజారాజ్యం పార్టీకి 294లో 18 సీట్లే వచ్చాయి. తెర మీద హీరోను ఒప్పుకోవడం, బ్యాలెట్ మీద ఒప్పుకోవడం రెండు వేర్వేరు నిర్ణయాలు.

సినిమాను స్త్రీవాద దృష్టితో చదివిన లారా మల్వీ దగ్గర విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. 'ఐటెం సాంగ్‌లో స్త్రీని వస్తువుగా చూపించారు' అని రాసి సరిపెడతారు. 1975 వ్యాసంలో ఆమె చెప్పింది చూపుల అమరిక గురించి. కెమెరా చూపు, ప్రేక్షకుడి చూపు, తెర మీద పాత్రల చూపు, ఈ మూడూ మగవాడి స్థానంలో కలిసిపోయేలా సినిమా కట్టుబడి ఉంటుందన్నారు. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' తీసుకోండి. హీరో క్లాసుల్లోకి వెళ్లి ఒక అమ్మాయి తనదని ప్రకటిస్తాడు. ఆమె అప్పటికి నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా చాలాసేపు ఆమెకు మాటలు తక్కువ. కెమెరా అతని ముఖం మీద, అతని కోపం మీద, అతని బాధ మీద ఉంటుంది. ఆమె ఏమనుకుంటోందో తెలుసుకునే దారి సినిమాలో లేదు, కాబట్టి అతని ప్రేమే మనకు తెలిసిన ఒకే సంగతి అవుతుంది. ఇందులో నటన, సంగీతం, తీసిన పద్ధతి చాలా బలంగా ఉన్నాయి, అందుకే ఇది ఇంత బాగా పనిచేస్తుంది. విడుదలప్పుడు బయట గొడవ దేని మీద జరిగింది? ముద్దు ఉన్న పోస్టర్ మీద. ఒక రాజకీయ నాయకుడు బస్సు మీద అంటించిన పోస్టర్ చించేశారు. ఇద్దరూ ఇష్టపడి పెట్టుకున్న ముద్దు సమాజానికి ఇబ్బంది అయింది. అడగకుండా 'తను నాది' అనడం మొదట్లో అంత ఇబ్బంది కాలేదు. ఒక సంస్కృతి దేన్ని చూసి ఉలిక్కిపడుతుందో, దేన్ని చూసీ చూడనట్టు పోతుందో పక్కపక్కన రాయండి. మీ అసైన్‌మెంట్ సగం అక్కడే తయారవుతుంది.

మల్వీ తర్వాత అమెరికా నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ తప్పనిసరి. అమెరికాలో బానిసలను తెల్లవాళ్ల వైపు చూసినందుకే శిక్షించేవాళ్లని గుర్తుచేస్తూ, నల్లజాతి స్త్రీలు సినిమాను ఎదిరించే చూపుతో చూడటం నేర్చుకున్నారని 1992లో రాశారు. మల్వీ చెప్పిన 'ప్రేక్షకురాలు' తెల్ల స్త్రీ మాత్రమేనని ఆమె అభ్యంతరం. 'మాలపిల్ల'ను ఒక దళిత స్త్రీ ఎలా చూసి ఉంటుంది అన్న ప్రశ్న మనకు ఇక్కడినుంచి వస్తుంది.

స్టువర్ట్ హాల్ ఎన్‌కోడింగ్, డీకోడింగ్ వ్యాసం 1973 నాటిది. తయారుచేసినవాళ్లు ఒక అర్థం ఉద్దేశిస్తారు. చూసేవాళ్లు దాన్ని అలాగే తీసుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత తమ జీవితానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, పూర్తిగా ఎదురుగా చదవొచ్చు. దీనికి నాకు తెలిసిన బలమైన ఉదాహరణ 1966 నాటి 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్'. ఫ్రాన్స్ మీద అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం కథ, ఇటలీ దర్శకుడు పొంటెకోర్వో తీశారు. ఆ పోరాట నాయకుల్లో ఒకరైన సాదీ యాసెఫ్ నిర్మాణంలో ఉన్నారు, నటించారు కూడా. ఫ్రాన్స్‌లో దాన్ని కొన్నేళ్లు ఆడనివ్వలేదు. అమెరికాలో నల్లజాతివాళ్ల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్లు దాన్ని పాఠంగా చూశారు. 2003లో, ఇరాక్ యుద్ధం మొదలైన ఏడాది, అమెరికా రక్షణశాఖ పెంటగాన్‌లో దాన్నే ప్రదర్శించింది, తిరుగుబాటును అణచడంలో ఏం తప్పులు జరుగుతాయో తెలుసుకోవడానికి. అదే సినిమా, అవే ఫ్రేములు. ఒకరు ఎలా తిరగబడాలో చూశారు, ఇంకొకరు ఎలా అణచాలో చూశారు. అందులో ముగ్గురు అల్జీరియా స్త్రీలు జుట్టు కత్తిరించుకుని యూరప్ దుస్తులు వేసుకుని బాంబులతో చెక్‌పోస్టు దాటే ఘట్టం ఉంది. సైనికులు వాళ్లను అందమైన తెల్ల అమ్మాయిలనుకుని నవ్వుతూ వదిలేస్తారు. మల్వీ చెప్పిన చూపును ఆ స్త్రీలు ఆయుధంగా వాడుకున్నారు. ఆ ఒక్క ఘట్టం మీద వారం రోజులు క్లాసు చెప్పవచ్చు.

ఒక జాగ్రత్త. హాల్ అన్నారు కదా అని 'ఎవరికి తోచిన అర్థం వాళ్లది' అని రాయకండి. ఆయన ఆ మాట అనలేదు. తాము ఉద్దేశించిన అర్థం వైపు తోసే బలం తయారుచేసేవాళ్ల చేతిలో ఎక్కువ ఉంటుంది, ఎదురు చదవడానికి అనుభవం, సంఘం, భాష కావాలి.

ఇక పని పద్ధతి. మీకు బాగా నచ్చిన సినిమా ఒకటి ఎంచుకోండి, నచ్చనిది వద్దు. నచ్చనిదాన్ని తిట్టడం సులువు, అందులో మీ ఒప్పుకోలు ఉండదు కాబట్టి నేర్చుకునేదీ ఉండదు. మొదటిసారి మామూలుగా చూసి, ఎక్కడ ఒళ్లు పులకరించిందో, ఎక్కడ ఏడుపొచ్చిందో మాత్రం రాసుకోండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. కెమెరా ఎవరి మీద ఎంతసేపు ఉంది, ఎవరి ఇల్లు ఎత్తులో ఉంది, పనివాళ్లు ఫ్రేములో ఎక్కడ నిలబడ్డారో అప్పుడు కనబడుతుంది. మూడోసారి బొమ్మ చూడకుండా మాటలు మాత్రం వినండి. ఎవరు ఎవరిని నువ్వు అంటున్నారు, ఎవరు మీరు అంటున్నారు, ఎవరి పేరు వెనక గారు ఉంది, ఎవరికి పేరే లేదు. ఆ తర్వాత మొదటి కాగితం తీసి, మీరు పులకరించిన చోట మిమ్మల్ని దేనికి ఒప్పించారో ఆలోచించండి. ఇంట్లో అమ్మతోనో, పనికి వచ్చే ఆవిడతోనో అదే సినిమా గురించి మాట్లాడండి, వాళ్లు చెప్పింది దిద్దకుండా రాసుకోండి. సిద్ధాంతం పేరు ఇదంతా అయ్యాకే రాయాలి.

చదివే వరస మీ సిలబస్‌లో ఉన్నట్టు పెట్టుకోకండి. ముందు హాల్, తర్వాత మల్వీ, వెంటనే హుక్స్. ఈ మూడూ వ్యాసాలే, పట్టుబడతాయి. తర్వాత గ్రాంషీ జైలు రాతల నుంచి హెజిమొనీ భాగాలు, పక్కన అంబేద్కర్ 'కులనిర్మూలన'. అడోర్నో చివర చదవండి, అప్పటికి ఆయన కోపానికి మీ దగ్గర జవాబు ఉంటుంది. ఫ్రెంచ్ ఆలోచనాపరుడు ఫూకోను ఈ సెమిస్టర్‌లో ముట్టుకోవద్దు. అల్తుసర్ వ్యాసం మొదటి భాగం కష్టమనిపిస్తే, పోలీసు పిలుపు వచ్చే పేజీ నుంచి మొదలుపెట్టి తర్వాత వెనక్కి రండి.